తీర్పు రాయకముందు తెలుసుకోవాల్సినవి

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాను. కాలేజీలో ఒకమ్మాయి అత్యాచారం జరిగిందంటోంది, అబ్బాయి ఆమె ఇష్టంతోనే అంటున్నాడు, చూసినవాళ్లు లేరు. పత్రికలో వ్యాసం ఎవరి పక్షాన రాయాలని అడిగావు. ఆ గదిలో ఏం జరిగిందో నీకూ నాకూ తేలకపోవచ్చు. విచారణ సరిగా జరిగిందో లేదో మాత్రం మనం తేల్చగలం. అక్కడ మొదలుపెట్టు.

ముందు ఆ కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ, అంటే లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే కమిటీ, ఉందో లేదో చూడు. పనిచేసే చోట లైంగిక వేధింపుల్ని అరికట్టే 2013 చట్టం ప్రకారం కమిటీని వేసిన ఉత్తర్వు అందరికీ కనబడేచోట అతికించాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2015 నిబంధనలు ఎవరుండాలో చెప్పాయి: అధ్యక్షురాలిగా సీనియర్ అధ్యాపకురాలు, ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు బోధనేతర ఉద్యోగులు, బయటి సంస్థ నుంచి ఒకరు. విద్యార్థుల వ్యవహారమైతే ముగ్గురు విద్యార్థులు కూడా, వాళ్లు ఎన్నికైనవాళ్లు కావాలి. మొత్తంలో కనీసం సగం మంది ఆడవాళ్లు. రిజిస్ట్రారు, డీన్, విభాగాధిపతి సభ్యులుగా ఉండకూడదు. నోటీసు బోర్డు మీది పేర్లను ఈ లెక్కతో సరిచూడు. విభాగాధిపతి పేరు అందులో కనిపిస్తే నీ వ్యాసానికి మొదటి వాక్యం దొరికినట్టే. ఏటా ఎన్ని ఫిర్యాదులొచ్చాయో, ఎన్ని తేలాయో కమిటీ నివేదిక ఇవ్వాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయమైతే ఆ అంకెలు సమాచార హక్కు కింద అడుగు.

తర్వాత తేదీలు. ఘటన జరిగిన మూడు నెలల్లో ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణముంటే ఇంకో మూడు నెలలు గడువిస్తారు. ఫిర్యాదు నకలు ఏడు రోజుల్లో అవతలివాళ్లకు చేరాలి, వాళ్లు పది రోజుల్లో జవాబివ్వాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి, నివేదిక ఆపై పది రోజుల్లో, యాజమాన్యం చర్య 30 రోజుల్లో. ఎక్కువగా చెడేది ఇక్కడే. ఫిర్యాదును నోటిమాటగా విని వదిలేస్తారు, లేదా పెద్దమనుషుల్ని పిలిచి రెండిళ్లవాళ్లనూ కూర్చోబెట్టి రాజీ చేస్తారు. మన ఒడిశా-ఆంధ్ర సరిహద్దు ఊళ్లలో తెలుగు కుటుంబాలు ఒకరికొకరు తెలిసినవాళ్లే గనక ఆ ఒత్తిడి మరీ ఎక్కువ. రాజీ మాట ఫిర్యాదు చేసినామె తనంతట తాను అడిగితేనే ఎత్తాలి. డబ్బు మీద రాజీ చట్టం ఒప్పుకోదు.

2025 జూలైలో ఒడిశాలోని బాలేశ్వర్‌లో ఒక విద్యార్థిని, తాను అధ్యాపకుడి మీద చేసిన ఫిర్యాదుకు న్యాయం జరగలేదని ఆత్మాహుతికి పాల్పడి, 14వ తేదీన భువనేశ్వర్ ఎయిమ్స్‌లో చనిపోయింది. గడువుల గురించి ఇంత పట్టుగా చెబుతున్నది అందుకే.

ఇక సాక్ష్యం. ఏది ఎప్పుడు పోతుందో తెలిసినవాడికే సరైన ప్రశ్న తడుతుంది. సీసీటీవీ రికార్డు చాలాచోట్ల కొన్ని వారాల్లో చెరిగిపోతుంది. గేటు రిజిస్టరు, హాస్టల్ హాజరు పుస్తకం కాస్త నిలుస్తాయి. దేహం మీది నమూనాలు మూడు నాలుగు రోజులు దాటితే దొరకడం కష్టం. కమిటీ వీటిని ఏ తేదీన కోరింది, కోరేసరికి మిగిలిందేమిటి అని అడుగు. మెసేజీలైతే స్క్రీన్‌షాట్ చాలదు, అసలు ఫోను, ముందువెనకల సంభాషణ మొత్తం కావాలి. నాలుగు వాక్యాలు కత్తిరించి చూపితే ఏ పక్షమైనా గెలిచినట్టే కనిపిస్తుంది.

కొన్ని సాధారణంగా నమ్మే గుర్తులు గుర్తులే కావు. ఆలస్యంగా చెప్పింది, ఏడవలేదు, మర్నాడు అతనికి మామూలుగా మెసేజీ పెట్టింది, ఒంటిమీద గాయం లేదు: వీటిలో ఏదీ అబద్ధానికి రుజువు కాదు. భయంతో కొయ్యబారిపోయేవాళ్లు ఉంటారు, జరిగినదానికి పేరు పెట్టడానికే నెల పట్టేవాళ్లూ ఉంటారు. ఆలస్యమొక్కటే కేసును కొట్టేయదని సుప్రీంకోర్టు 1996లో గుర్మీత్ సింగ్ కేసులోనే చెప్పింది. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయసంహిత 63వ సెక్షన్ ప్రకారం ఒంటితో ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంతో ఒప్పుకున్నట్టు కాదు. ఆమె పాత సంబంధాలు ఇక్కడ ప్రశ్నే కాదు.

అట్లాగని అబ్బాయికి అన్యాయం చెయ్యకు. ఫిర్యాదు ప్రతి అతనికి అందిందా, జవాబివ్వనిచ్చారా, అతను చెప్పిన సాక్షుల్ని పిలిచారా? ఇవి ఆమె హక్కులంత గట్టి ప్రశ్నలే. కమిటీ చూసేది రెండు కథనాల్లో ఏది ఎక్కువ నమ్మదగింది అని. క్రిమినల్ కోర్టు అడిగేది సందేహానికి తావులేని రుజువు. కాబట్టి కమిటీ దోషి అన్నవాణ్ణి కోర్టు వదిలేస్తే రెండింటిలో ఒకటి అబద్ధమని అర్థం కాదు. అలాగే ఫిర్యాదు రుజువు కాకపోవడం వేరు, దురుద్దేశంతో పెట్టిన ఫిర్యాదు వేరు. రెండోది విడిగా విచారించి తేల్చాలని చట్టంలోనే ఉంది. ఈ తేడా చెరిపేసిన వ్యాసాన్ని ఎంత బాగా రాసినా నేను అచ్చుకివ్వను.

మన జిల్లాలకు ప్రత్యేకమైన చిక్కులు రెండున్నాయి. బరంపురంలోనో రాయగడలోనో తెలుగమ్మాయి తెలుగులో చెప్పింది ఒడియాలోనో ఇంగ్లీషులోనో నమోదవుతుంది. మధ్యలో అనువదించి చెప్పిందెవరు, సంతకానికి ముందు ఆమెకు చదివి వినిపించారా? ఇది కనుక్కోకుండా రెండు వాంగ్మూలాలు పక్కపక్కన పెట్టి "మాట మార్చింది" అని రాయొద్దు. రెండోది హద్దు. బరంపురం కాలేజీ విహారయాత్రలో ఇచ్ఛాపురం దాటాక జరిగితే, మా పరిధి కాదని పోలీసులు తిప్పి పంపకూడదు. ఏ స్టేషన్‌లోనైనా పరిధితో పనిలేని జీరో ఎఫ్‌ఐఆర్ రాసి, పరిధి ఉన్న స్టేషన్‌కు పంపాలి. యూజీసీ నిబంధనల్లో విహారయాత్ర కూడా ప్రాంగణం కిందికే వస్తుంది గనక, బయట జరిగిందని కాలేజీ చేతులు దులుపుకోలేదు.

ఏం రాయకూడదో కూడా విను. 2013 చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదులోని సంగతులు, ఇరుపక్షాల పేర్లు, సాక్షులు, విచారణ వివరాలు పత్రికకెక్కకూడదు. అత్యాచార బాధితురాలి పేరు బయటపెడితే న్యాయసంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. పేరు తీసేస్తే సరిపోతుందనుకోకు. తెలుగు పిల్లలు పదిమందే ఉన్న హాస్టల్లో "పర్లాకిమిడి నుంచి వచ్చిన నర్సింగ్ రెండో ఏడాది అమ్మాయి" అంటే పేరు చెప్పినట్టే. ఊరు, కోర్సు, ఏడాది, ఇంటిపేరు, తండ్రి పని, వీటిలో రెండు కలిస్తే చాలు, ఊరంతా పోల్చుకుంటుంది. అబ్బాయికీ ఇదే లెక్క.

అందుకని కేసును వదిలి వ్యవస్థ మీద రాయి. కమిటీ ఎవరితో ఉంది, గడువులు పాటించారా, రికార్డులు అడిగారా, ఫిర్యాదు చేసినామెకు హాస్టల్ మార్పు, క్లాసు మార్పు ఇచ్చారా. ఇద్దరి గురించీ నీకు తేలకపోతే "తేలలేదు" అని రాయి, ఎందుకు తేలలేదో కూడా రాయి. సాక్ష్యమే లేదా, ఉన్నది సేకరించలేదా అన్నది అక్కడే పాఠకుడికి తెలుస్తుంది. కమిటీ నిర్ణయం మీద 30 రోజుల్లో అప్పీలుకు వీలుంది. ఆ గడువు దాటేదాకా ఆఖరి మాట రాయకు. ముసాయిదా పంపితే చూస్తాను. పేర్లు మాత్రం నాకు కూడా పంపొద్దు.

నీ మేలు కోరే
పెద్దన్న
బరంపురం