పెట్రోల్ ట్యాంక్ మూత మార్చడానికి మెకానిక్ దాకా వెళ్ళాలా?

అక్కర్లేదండీ. సీసా మూత తిప్పడం వచ్చినవాళ్ళెవరైనా మార్చుకోవచ్చు. కానీ మార్చడం ఎంత సులువో, తప్పు మూత కొనడం అంతకంటే సులువు. నేను కొన్నాను కాబట్టి చెబుతున్నా.

మా ఆల్టో మూతకు ఉండే ప్లాస్టిక్ తాడు తెగి రెండేళ్ళయింది. మూత ఉంది కదా, తాడుతో పనేముందని వదిలేశాను. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి గుడివాడ అత్తగారింటికి వెళ్తూ సూర్యాపేట దగ్గర ఫుల్ ట్యాంక్ కొట్టించాం. పండగ రద్దీ. కుర్రాడు మూత తీసి పంపు మీద పెట్టాడు, "జీరో చూసుకోండి సార్" అన్నాడు. నేను జీరో చూశాను, ఫోన్‌లో డబ్బులు కొట్టాను, వెనకాల హారన్ల గోల భరించలేక బయల్దేరాను. కోదాడ దాటాక బైక్ మీద ఒకాయన పక్కకొచ్చి "అన్నా, ట్యాంకు తెరిచుంది!" అని అరిచాడు. దిగి చూస్తే మూత లేదు. అరిసెలు కట్టిన కవర్ ఒకటి ఖాళీ చేసి, మా అమ్మాయి జడకున్న రబ్బర్ బ్యాండ్ తీసి మూతికి బిగించాను.

ఈ బంకుల్లో ఇంకో జాడ్యం. గన్ టక్కుమని ఆగాక కూడా "రౌండ్ ఫిగర్ చేయమంటారా సార్" అంటారు. వద్దనండి. ఆగిందంటే చాలని అర్థం. ఇంకా కుక్కితే ఆవిరి పీల్చుకోవడానికి పెట్టిన బొగ్గు డబ్బాలోకి పెట్రోల్ పోయి అది పాడవుతుంది.

సరే, విజయవాడలో స్పేర్ పార్టుల కొట్టు కనబడింది. "అన్ని కార్లకీ పడుతుంది సార్" అని నూట యాభైకి ఒక మూత ఇచ్చాడు. నిజంగానే పట్టింది, బిగుతుగా కూడా ఉంది. మహా సంతోషించాను.

కనుమ మర్నాడు అందరం మంగినపూడి బీచ్‌కి వెళ్ళాం. తిరిగొస్తుంటే బందరు దాటాక బండి కుదుపులు మొదలుపెట్టి, ఆగిపోయింది. ఓ పావుగంట కూర్చుంటే మళ్ళీ స్టార్టయింది. ఇంకొంత దూరం పోయాక మళ్ళీ అదే తంతు. గుడివాడలో మెకానిక్ ఒక్కసారి తాళం తిప్పి విని "ట్యాంకులో పంపు పోయింది, ఆరు వేలవుద్ది" అన్నాడు. పండగ పూట ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

మా మామగారు కారు నడపరు. నలభై ఏళ్ళు ట్రాక్టర్ నడిపారు. అంతా విని, "ఏవండీ అల్లుడుగారూ, ఈసారి ఆగితే స్టార్ట్ చేయకండి, ముందు మూత తీయండి" అన్నారు. ఆయన్నే పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. ఆగింది. మూత సగం తిప్పానో లేదో ఉస్స్‌మని గాలి లోపలికి పీల్చుకుంది. మూత పెట్టి తాళం తిప్పితే ఒక్క దెబ్బకి స్టార్ట్. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్ మూత చిల్లులో బురద పట్టి అచ్చం ఇలాగే ఆగేదట. "నూనె డబ్బాకి ఒక్క చిల్లే పెడితే నూనె దిగుద్దా?" అన్నారు.

అదన్నమాట. పెట్రోల్ ఖర్చయ్యే కొద్దీ ఆ మేరకు గాలి లోపలికి వెళ్ళాలి. దానికి కంపెనీ మూతలో చిన్న వాల్వ్ ఉంటుంది. గాలిని రానిస్తుంది, ఆవిరిని మామూలుగా బయటికి పోనివ్వదు. నాకిచ్చిన మూతలో ఆ వాల్వ్ ఉత్త అలంకారం. కుదుపులొచ్చే బండ్లలో కొన్నైనా ఈ మూత బాధితులేనని నా నమ్మకం.

కాబట్టి కారు మోడల్, తయారైన సంవత్సరం చెప్పి కంపెనీ మూతే కొనండి. నాకు నాలుగొందల చిల్లర అయింది. ఇంజిన్ ఆపి, దగ్గర్లో దీపం, సిగరెట్ లాంటివేమీ లేకుండా చూసుకుని పాతది ఎడమవైపు తిప్పి తీయండి. కారుకి గుచ్చి ఉన్న తాడు చివరి బొడిపెను వేళ్ళతో మెలితిప్పి లాగితే వస్తుంది. స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే విరుగుతుంది, నాకు విరిగింది. విరిగిన ముక్క ట్యాంకులో పడకుండా ముందే మూతిలో శుభ్రమైన గుడ్డ కుక్కండి, తర్వాత మర్చిపోకుండా తీయండి. మూతి అంచు తుడిచి, కొత్త బొడిపె నొక్కి, మూత కుడివైపు కటకటమనే దాకా తిప్పండి.

కటకటమనకుండా వదిలేస్తే వాననీళ్ళు దిగొచ్చు. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ అనే ఆల్కహాల్ కలుపుతున్నారు, అది నీటిని ఇట్టే కలుపుకుంటుంది. నీళ్ళు ఎక్కువైతే నీళ్ళూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి, పంపు పీల్చేది అక్కణ్ణుంచే. అమెరికాలో మా బావమరిది కారుకైతే మూత వదులైనా చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది. సరిగ్గా బిగించి నాలుగు రోజులు తిప్పితే అదే ఆరిపోయిందట.

ఆ నూట యాభై మూత ఇప్పుడు మామగారి దగ్గరే ఉంది. దానికి మేకుతో చిల్లు పెట్టి మందు కొట్టే స్ప్రేయర్ డబ్బాకి వాడుతున్నారు. అక్కడ బ్రహ్మాండంగా పనిచేస్తోందట.