డైనోసార్ గుడ్డుకు హాల్‌మార్క్ ఉండదు

ప్రశ్న: కర్నూలులో మందుల దుకాణం నడుపుతున్నాను. 25 నెలల 5 లక్షల చీటీ పదకొండో నెలలో పాడితే 4 లక్షల 20 వేలు చేతికి వచ్చాయి. వచ్చే జూన్‌లో అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు కోసమే పాడాను. మా బావమరిది బెంగళూరులో ఒకరి దగ్గర చైనా డైనోసార్ గుడ్డు ఉందని, సర్టిఫికెట్‌తో సహా రెండున్నర లక్షలకు ఇస్తారని, ఐదేళ్లలో పది లక్షలు పలుకుతుందని అంటున్నాడు. శనివారంలోగా అడ్వాన్సు ఇవ్వాలట. కొనమంటారా?

జవాబు: వద్దు. గుడ్డు సంగతి తర్వాత, ముందు ఆ డబ్బు సంగతి చూద్దాం. 25 నెలల చీటీలో ఇంకా 14 వాయిదాలు మిగిలాయి. నెలకు 20 వేల చొప్పున 2 లక్షల 80 వేలు. డివిడెండు, అంటే ప్రతి నెలా పాటలో వదులుకున్న సొమ్ములో మీ వాటా, పోగా కొంత తగ్గుతుందనుకున్నా, మీ చేతిలో ఉన్నదంతా పొదుపు కాదు, చాలావరకు ముందుగా తీసుకున్న అప్పు. జూన్‌లో ఫీజు కట్టే రోజుకు ఆ అప్పు రాయిగా మారిన గుడ్డు రూపంలో మీ బీరువాలో కూర్చుని ఉంటుంది.

రెండున్నర లక్షలు ఐదేళ్లలో పది లక్షలు కావాలంటే ఏటా 32 శాతం దాకా పెరగాలి. మీ బావమరిది ఈ లెక్క వేసి ఉండరు.

తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో తల వంచుకుని వజ్రాలు వెతికేవాళ్లు మీకు కొత్త కాదు. అక్కడ రాయి దొరికితే ధర తక్కువ కట్టినా, కొనే వ్యాపారి మాత్రం దగ్గరలోనే ఉంటాడు. బంగారమైతే ఊళ్లో ఏ నగల దుకాణంలోనైనా తూకం వేసి డబ్బిస్తారు. ఈ గుడ్డు పట్టుకుని కర్నూలులో ఎవరి గుమ్మం ఎక్కుతారు? మళ్లీ ఆ బెంగళూరు ఆయన దగ్గరికే వెళ్లాలి. అప్పుడు ధర చెప్పేది ఆయనే.

పైగా మనం అనుకున్నంత అరుదైన వస్తువు కాదిది. చైనాలోని హెనాన్ ప్రాంతంలో 1990లలో ఇవి వేలల్లో బయటపడ్డాయి. మన మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలోనే 92 గూళ్లు, 256 గుడ్లు కనిపించాయని 2023లో పరిశోధకులు ప్రకటించారు. అదే జిల్లాలో ఒక ఊరివాళ్లు అలాంటి గుండ్రటి రాళ్లను పొలాలు కాపాడే దేవుడని తరతరాలుగా కొలిచారు. వాళ్లకు అయిన ఖర్చు కొబ్బరికాయలే. లోపల పిండం ఉన్న గుడ్డు నిజంగా అరుదు. అలాంటిది రెండున్నర లక్షలకు మీదాకా రాదు.

ఇక నకిలీలు. మామూలు గుండ్రాయి మీద అసలు పెంకు ముక్కలే జిగురుతో అతికించి అమ్మడం ఈ వ్యాపారంలో పాత పద్ధతి. పెంకు నిజమైనదే, గుడ్డు అబద్ధం. భూతద్దం పెట్టి చూస్తే అసలు పెంకు మీద సన్నని రంధ్రాలు, పగుళ్లు ఒకదానికొకటి సరిపోతూ కనిపిస్తాయి. అతికించిన దాంట్లో ముక్కల మధ్య రాతిపొడి కలిపిన జిగురు ఉంటుంది, అసిటోన్ తగిలితే మెత్తబడవచ్చు. అయితే మీరూ నేనూ చూసి తేల్చగలిగేది కాదు, శిలాజాలు చదివినవాళ్లు చూడాలి.

సర్టిఫికెట్ ఉందని ధైర్యపడకండి. హాలీవుడ్ నటుడు నికొలస్ కేజ్ 2007లో ఒక వేలంలో 2,76,000 డాలర్లు పెట్టి డైనోసార్ పుర్రె కొన్నారు. అసలైనదేనన్న పత్రం కూడా ఇచ్చారు. నిజంగానే అది అసలైనది. కానీ మంగోలియా నుంచి దొంగతనంగా వచ్చింది. ఆయన తప్పు లేకపోయినా 2015లో తిరిగి ఇచ్చేయడానికి ఒప్పుకోవలసి వచ్చింది. వస్తువు అసలైనదా అన్నది ఒక ప్రశ్న, అమ్మేవాడికి దాని మీద హక్కుందా అన్నది వేరే ప్రశ్న. మీ పత్రం రెండోదానికి జవాబు చెప్పదు. చైనా తన శిలాజాలు దేశం దాటకుండా కఠినమైన చట్టాలు పెట్టుకున్న దేశం. ఆ గుడ్డు ఎప్పుడు, ఏ కాగితాలతో బయటికి వచ్చిందో, ఇక్కడ కస్టమ్స్ రసీదు ఉందో లేదో ఒక్కసారి అడిగించండి. అప్పుడు శనివారం తొందర ఎంతవరకు మిగులుతుందో చూడండి.

ఫీజుకు కావలసిన మొత్తాన్ని జూన్ దాకా బ్యాంకులో స్వల్పకాల డిపాజిట్‌లో పెట్టండి. మిగిలింది చీటీ వాయిదాల కోసం సేవింగ్స్ ఖాతాలో ఉంచి, ప్రతి నెలా అందులోంచే కట్టండి, దుకాణం గల్లాపెట్టె జోలికి పోకండి. అమ్మాయికి డైనోసార్లంటే ఇష్టమైతే హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో మన గోదావరి లోయలో దొరికిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం నిలబెట్టి ఉంది. బావమరిదిని కూడా తీసుకెళ్లండి, టికెట్ ఖర్చు ఆయన చేత పెట్టించండి.