పైథాన్‌లో ఫైల్ చదివి ప్రింట్ చేస్తే ప్రతి లైన్ తర్వాత ఖాళీ లైన్ ఎందుకు వస్తుంది?

ఫైల్ నుంచి చదివిన లైన్ చివర న్యూలైన్ అక్షరం (లైన్ ముగిసిందని చెప్పే \n గుర్తు) అలాగే ఉండిపోతుంది, ప్రింట్ దానికి ఇంకొకటి కలుపుతుంది. అందుకే ఆ ఖాళీ. (ఫైల్‌లోని ఆఖరి లైన్‌కు మాత్రం న్యూలైన్ ఉండకపోవచ్చు.) చదివిన లైన్ ఫలానా పదంతో సమానమా అని పోల్చినప్పుడు ఫలితం తప్పడానికీ ఇదే కారణం. ఫైల్‌లో మనకు "గుంటూరు" అని కనిపిస్తుంది, ప్రోగ్రాం చేతికి వచ్చేది గుంటూరుతో పాటు కంటికి కనపడని న్యూలైన్. రెండూ సమానం కావు.

అంచుల్లోని అక్షరాలను తీసేసే స్ట్రిప్ (strip) వాడితే న్యూలైన్ ఒక్కటే పోతుందని చాలామంది అనుకుంటారు. కానీ బ్రాకెట్లలో ఏమీ ఇవ్వకపోతే అది రెండు వైపులా ఉన్న స్పేస్‌లు, ట్యాబ్‌లు కూడా తీసేస్తుంది. ట్యాబ్‌లతో విడదీసిన ఫైల్‌లో ఆఖరి కాలమ్ ఖాళీగా ఉన్న లైన్‌ను ఇలా శుభ్రం చేస్తే ఆ కాలమ్ మాయమవుతుంది. ఆ దశలో ఎర్రర్ కూడా రాదు, అదే అసలు చిక్కు. కుడి చివర మాత్రమే తీసేసే ఆర్‌స్ట్రిప్‌కు (rstrip) న్యూలైన్ అక్షరాన్ని మాత్రమే ఇస్తే ట్యాబ్‌లు భద్రం.