ఉప్పు తిన్న మర్నాడు కిలో బరువు: కిడ్నీ పాడైనట్టేనా?

నీళ్లు ఎక్కువ తాగితే గంటలోపే మూత్రం నీళ్లలా వచ్చేస్తోంది, ఉప్పు ఎక్కువైన మర్నాడు మాత్రం కిలో బరువు పెరుగుతోంది, కిడ్నీలు పాడయ్యాయా అని అడిగారు. టెన్షన్ పడకండి. ఈ రెండూ మామూలుగా పనిచేసే కిడ్నీల్లోనూ జరిగేవే.

నీళ్లు తాగితే రక్తం కాస్త పలచబడుతుంది. మెదడు అది పసిగట్టి ఏడీహెచ్ అనే హార్మోన్‌ని తగ్గిస్తుంది. అది తగ్గితే కిడ్నీ గొట్టాల చివరి భాగం నీటిని వెనక్కి పీల్చుకోదు, బయటికి వదిలేస్తుంది. రక్తంలోంచి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవం వడపోసి, ఒకటి రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా వదులుతాయి కిడ్నీలు. ఈ లెక్క ఎప్పుడు చదివినా నాకు ఆశ్చర్యమే.

ఉప్పు సంగతి నిదానం. ఉప్పులోని సోడియం రక్తంలో పెరగగానే దాహం వేస్తుంది, ఏడీహెచ్ పెరిగి నీరు నిలుస్తుంది. ఒంట్లో మిగిలిన 9 గ్రాముల ఉప్పు సుమారు లీటరు నీటిని పట్టి ఉంచుతుంది. మీ కిలో బహుశా అదే! తర్వాత సోడియంని ఒంట్లో ఆపి ఉంచే ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్ తగ్గి సోడియం మూత్రంలో పోతుంది, దానికి ఒకటి రెండు రోజులో, ఇంకాస్త ఎక్కువో పడుతుంది.

ఉప్పు కడిగేద్దామని ఒకేసారి లీటర్లకొద్దీ తాగకండి, గంటకు లీటరుకు మించి వదలడం కిడ్నీల వల్ల కాదు. ఉప్పు తగ్గించి నాలుగు రోజులు పొద్దున్నే బరువు చూసుకోండి. దిగకపోయినా, కాళ్ల వాపు, ఆయాసం, మూత్రంలో నురగ కనిపించినా డాక్టర్‌ని కలిసి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష), మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు చేయించుకోండి.