సింగపూర్ నాలుగున్నర గంటలే, అప్పు మాత్రం రెండేళ్లు

ప్రశ్న: మాది వరంగల్. నెలకు చేతికి రూ.72 వేలు వస్తాయి. ఇంటి ఖర్చులు రూ.48 వేలు. బ్యాంకులో ఉన్నది రూ.60 వేలు. మే నెలలో మా ఆవిడ, పాప, అమ్మతో కలిసి సింగపూర్ వెళ్లాలని ఉంది. మొత్తం రూ.2.4 లక్షలవుతుంది. 15 శాతం వడ్డీకి రెండేళ్ల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. హైదరాబాద్ నుంచి నాన్‌స్టాప్ కంటే కౌలాలంపూర్‌లో మారి వెళ్తే నలుగురికీ కలిపి రూ.18 వేలు తగ్గుతోంది. ఏది మేలు?

జవాబు: టికెట్ల వరకైతే నాన్‌స్టాపే మేలు. హైదరాబాద్ నుంచి సింగపూర్‌కు ఆకాశమార్గంలో సుమారు 3,300 కి.మీ., దాదాపు నాలుగున్నర గంటలు. అక్కడి సమయం మనకంటే రెండున్నర గంటలు ముందు కాబట్టి రాత్రి 11కు ఎక్కితే దిగేసరికి ఉదయం 6 అవుతుంది. వరంగల్ నుంచి శంషాబాద్‌కు కారులో మూడున్నర గంటలు, విమానానికి మూడు గంటల ముందు చేరడం, సింగపూర్‌లోని చాంగి విమానాశ్రయంలో ఇమిగ్రేషన్‌కూ లగేజీకీ గంట. ఇవన్నీ కలిపితే గడప దాటాక 12 గంటల ప్రయాణం.

కౌలాలంపూర్ మీదుగా దూరం పెద్దగా పెరగదు, సమయమే పెరుగుతుంది. ఆ రూ.18 వేలు దేనివల్ల తగ్గుతున్నాయో చూడండి. రెండు విమానాలూ ఒకే పీఎన్‌ఆర్‌లో (బుకింగ్ నంబరులో) ఉంటే మొదటి విమానం ఆలస్యమైనా తర్వాతి దాంట్లో పంపే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. విడివిడి టికెట్లైతే మలేషియా ఇమిగ్రేషన్ దాటి, బ్యాగులు తీసుకుని, మళ్లీ చెక్-ఇన్ చేయాలి. రెండో విమానం తప్పితే ఆ టికెట్ల డబ్బు పోయినట్టే. అప్పటికప్పుడు నలుగురికి కొత్త టికెట్లు కొనడానికి మీ దగ్గర ఏముంది?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మీకు అత్యవసర నిధి లేదు. రూ.60 వేలంటే నెలా పదిరోజుల ఖర్చు కూడా సరిగ్గా రాదు. దాని మీద లోన్ పెట్టుకుంటే ఈఎంఐ నెలకు సుమారు రూ.11,640. రెండేళ్లలో వడ్డీ రూ.39 వేల పైనే. 2 శాతం ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్‌టీ మరో రూ.5,664. టికెట్లలో రూ.18 వేలు మిగుల్చుకుందామని చూస్తూ అప్పుకు రూ.45 వేలు కడతామంటే నేను ఒప్పుకోను. విహారానికి అప్పు వద్దు. నడుమ ఉద్యోగం పోయినా, అమ్మ ఆసుపత్రిలో చేరినా ఈఎంఐ ఆగదు. అప్పుడు క్రెడిట్ కార్డు గీకడమే మిగులుతుంది. ఇలా మొదలైన అప్పులే చాలా ఇళ్లను ఏళ్ల తరబడి వదలవు.

మీకు నెలకు రూ.24 వేలు మిగులుతున్నాయి. అత్యవసర నిధిగా పక్కన ఉంచుకోవాల్సిన ఆరు నెలల ఖర్చు రూ.2.88 లక్షలు. ఉన్న రూ.60 వేలకు పది నెలల పొదుపు కలిపితే అది పూర్తవుతుంది. దాన్ని ముట్టుకోకుండా మరో పది నెలలు వేస్తే సింగపూర్ డబ్బు చేతిలో ఉంటుంది. మొత్తం 20 నెలలు. లోన్ తీరేదే 24 నెలలకు!

అంతవరకూ ఆగలేకపోతే ఈ మేలో నెల మిగులుతో అయ్యే దగ్గరి ఊరు చూడండి.

సింగపూర్‌కు వెళ్లేటప్పుడు మాత్రం అమ్మకు బీపీ, షుగర్ ఉంటే ట్రావెల్ ఇన్సూరెన్స్ ఫారంలో తప్పక రాయండి, దాస్తే క్లెయిమ్ తిరస్కరిస్తారు. వీసా చేతికొచ్చాకే రిఫండ్ రాని టికెట్లు కొనండి. పాస్‌పోర్టులకు కనీసం ఆరు నెలల గడువు ఉందో లేదో, ముఖ్యంగా పాపది, ఇప్పుడే చూసుకోండి.