ఇప్పచెట్టు కింది నిప్పు

(పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డు ఫారెస్టు బీటు ఆఫీసరు జవాబులు)

ప్రశ్న: సారూ, ఇప్పపువ్వు రాలే ముందు, ఏరుకునేందుకు నేల సాఫుగ ఉండాలని చెట్టు కింద ఆకు కాలవెట్టుడు మా అత్తగారి కాలం నుంచి ఉన్నదే. ఇప్పుడు తొమ్మిదో తరగతి చదివే మనవడు "అమ్మమ్మా, నీ మంటతోనే భూమి వేడెక్కుతున్నది" అంటున్నడు. చెల్పూరు కరెంటు ప్లాంటు రాత్రనక పగలనక బొగ్గు కాలుస్తనే ఉంటది. దాన్నేమనరు గని నా గంపెడాకే కండ్లవడ్డదా?
– ఒక పాఠకురాలు, తాడ్వాయి మండలం, ములుగు జిల్లా

జవాబు: చెల్లే, నీ కోపంలో సగం న్యాయమే. చెల్పూరులో ఒకటి 500, ఇంకోటి 600 మెగావాట్ల యూనిట్లు. వాటిలో పోసే బొగ్గు కోట్ల ఏండ్లు భూమిలో మూసిపెట్టి ఉన్న సరుకు. కాలిస్తే గాలిలోకి కార్బన్ కొత్తగా చేరుతది. నీ ఆకుది అట్ల కాదు. కాల్చకున్నా కుళ్లి గాలిలోనే కలిసేది, మళ్ల చిగురు పెట్టినప్పుడు చెట్టే పీల్చుకుంటది. మనవడికి ఈ తేడా చెప్పు, పరీక్షలో రాసుకుంటడు.

మరి మిగతా సగం? మంట నీ చెట్టు కిందనే ఆగితే నేను ఈ జవాబు రాయకపోదును. ఒక ఏప్రిల్‌ల నా బీటులో ఇట్లనే పువ్వు కోసం పెట్టిన నిప్పు ఎండిన వాగు దాటింది. ఇద్దరు వాచర్లు, నేను పచ్చికొమ్మలతోని కొట్టి కొట్టి ఆర్పేసరికి నడిరాత్రయింది. తెల్లారి పోయి చూస్తే ఒక తాబేలు డొప్ప, కింద కాళ్లు మాడి ఉన్నయి. అడవికోడి గుడ్లు పగిలి నల్లబడ్డయి. వాటికన్నా నాకు మనసులో ఉండిపోయింది మడిమెత్తు ఇప్పమొక్కలు. ఒక్కటి మిగల్లే. పెద్దచెట్టు బెరడు మందం, ఓర్చుకున్నది. మొక్కలకు ఆ బెరడు ఎక్కడిది? ఏటేటా కాలిస్తే ముసలి చెట్ల తర్వాత పువ్వు రాల్చేందుకు చెట్టే ఉండదు.

పైగా ఇప్పుడు మీ అడవి సంగతి వేరే. 2024 ఆగస్టు 31న గాలి కొట్టి తాడ్వాయి, మేడారం నడుమ వేల చెట్లు కూలినయి గదా. అసోంటి ఎండు మొద్దుకు నిప్పంటితే పైకి ఆరినట్టే ఉండి లోపల రాజుకుంటనే ఉంటది. రెండోనాడు వడగాలి లేస్తే మళ్ల మంట.

ఇంతకూ మీకు కావలసింది శుభ్రమైన నేల, నిప్పు కాదు. చీపురుతోని ఆకు ఊడ్చి, ఎరువు గుంతలో వెయ్యి. నాలుగు పాత చీరలు కలిపి కుట్టి చెట్టు కింద పరుచు. పువ్వుకు బూడిద, మట్టి అంటదు. ఎండబెట్టినా రంగు బాగుంటది, బేరంలో మాటపడవు. కొందరు చెట్టుకు వల కట్టి ఇంటికి పోతరు, అది మాత్రం నాకు నచ్చదు. రాత్రి దుప్పి వస్తే కొమ్ములు చిక్కుకుంటయి.

తెల్లవారుజామున ఎలుగుబంటి ఆ పువ్వుకే వస్తది. అది తిని పోయినంక, బాగా వెలుతురొచ్చినంకనే గంప పట్టుకొని పో.