రెండు శాఖలు కలిసిన చదువు: నల్గొండ, పాలమూరు నుంచి ఎమ్మెస్‌కు వచ్చేవారికి

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం. హైదరాబాద్‌లో సివిల్ ఇంజినీరింగ్ నాలుగో సంవత్సరం చదువుతున్నాను. నీటి వనరుల సబ్జెక్టు అంటే ఇష్టం, డేటా సైన్స్ అంటే కూడా ఇష్టమే. అమెరికాలో ఈ రెండూ కలిపి చదువుకోవచ్చని విన్నాను. సీనియర్లేమో పూర్తిగా కంప్యూటర్ సైన్స్‌కు మారకపోతే ఉద్యోగం రాదంటున్నారు. రెండు శాఖలు కలిపి చదివితే రెంటికీ చెడ్డ రేవడినవుతానా? వీసాకు ఇబ్బంది ఉంటుందా?

జవాబు: మీ భయం తీసిపారేయదగినది కాదు. మన ప్రాంతం నుంచి వచ్చే పిల్లల్లో చాలామంది వెనుక బ్యాంకు అప్పో, తాకట్టులో ఉన్న రెండు మూడెకరాల పొలమో ఉంటుంది కాబట్టి, ‘ఆసక్తి ఉన్నది చదువు, మిగతాది తర్వాత చూసుకుందాం’ అని తేలిగ్గా చెప్పే హక్కు నాకు లేదు. నేనూ దేవరకొండ వైపు నుంచి వచ్చినవాణ్ణే. అయినా మీ విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా ఉంది: ఒక శాఖలో గట్టి పట్టు ఉంచుకొని, మీకు నిజంగా ఉన్న ఒక ప్రశ్న కోసం రెండో శాఖలోకి వెళ్లేటట్లయితే ఈ చదువు మీకు మేలే చేస్తుంది. కోర్సు పేరు కొత్తగా, ఆకర్షణీయంగా ఉందని మాత్రమే చేరేటట్లయితే మీ సీనియర్లు చెప్పిందే నిజమవుతుంది.

ఆ ప్రశ్న కోసం మీరు ఎక్కడో వెతకనక్కరలేదు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన మనుషులను మీరు చూసే పెరిగి ఉంటారు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించిన ఫ్లోరైడ్ తొలగింపు పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు తగుపాళ్లలో వేసి, కలియబెట్టి, తేరనిచ్చి, వడగట్టడమే నల్గొండ టెక్నిక్. రసాయనశాస్త్రం పరంగా అది సరైన పద్ధతి. అయితే ఎంత పటిక వేయాలన్నది ఆ నీటిలోని ఫ్లోరైడును, క్షారతను బట్టి మారుతుంది. పాళ్లు తప్పితే నీటిలో అల్యూమినియం మిగులుతుంది. అడుగున చేరిన మడ్డిని ఎక్కడో ఒకచోట పారవేయాలి. ఇదంతా చూసుకోవడానికి రోజూ ఒక మనిషి ఉండాలి. ఆ మనిషికి జీతం ఎవరిస్తారు, పంచాయతీలో ఆ బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నలకు రసాయనశాస్త్రం జవాబు చెప్పదు. చివరికి మన ఊళ్లకు ఊరట కలిగించింది నదుల నీటిని శుద్ధి చేసి గొట్టాల ద్వారా తెచ్చిన పథకాలే. భూగర్భశాస్త్రం, వైద్యం, ఇంజినీరింగ్, పరిపాలన ఒకే బోరు దగ్గర కలుసుకున్న ఈ చరిత్ర తెలిసిన విద్యార్థికి, వేర్వేరు శాఖలు కలిపి చదవడం ఎందుకో మరొకరు వివరించనక్కరలేదు.

ఇలాంటి చదువు ఆసక్తిని ఎలా మలుస్తుందో ఒక ఉదాహరణతో చెబుతాను. మీరు మొదటి సెమిస్టర్‌లో మెషీన్ లెర్నింగ్ (ఉన్న సమాచారం నుంచి కంప్యూటర్‌కు నేర్పించడం) కోర్సు ప్రాజెక్టుగా బోరు నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని దాటుతుందా లేదా అని ముందే అంచనా వేసే మోడల్ తయారు చేశారనుకుందాం. బోరు లోతు, నీటి పీహెచ్, కాల్షియం, బైకార్బొనేట్ విలువలు, అక్షాంశ రేఖాంశాలు ఇస్తారు. ఉన్న నమూనాలను కలగలిపి కొన్నిటిని శిక్షణకు, కొన్నిటిని పరీక్షకు విడదీస్తారు. ఫలితం చాలా గొప్పగా వస్తుంది, కంప్యూటర్ సైన్స్ తరగతిలో మంచి గ్రేడు కూడా రావచ్చు. అదే ప్రాజెక్టును భూగర్భజలాలు బోధించే ప్రొఫెసర్‌కు చూపిస్తే ఆమె మొదట అడిగేది వేరు: ఒకే ఊరిలోని పక్కపక్క బోర్లు శిక్షణలోనూ, పరీక్షలోనూ ఉన్నాయి కదా, అలాంటప్పుడు మీ మోడల్ నీటి స్వభావాన్ని నేర్చుకుందా, లేక ఆ ఊరి చిరునామాను బట్టీపట్టిందా? ఊళ్లకు ఊళ్లనే పక్కనపెట్టి, మోడల్ అసలు చూడని ఊరిపై పరీక్షిస్తే ఆ గొప్ప ఫలితం బాగా పడిపోతుంది. అప్పుడు మీరు రాళ్ల గురించి చదవడం మొదలుపెడతారు. గ్రానైట్‌లోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి ఎలా దిగుతుందో, నీటిలో కాల్షియం తక్కువగా, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్నచోట అది ఎందుకు పెరుగుతుందో తెలుసుకుంటారు. ఆ తర్వాత మోడల్‌కు ఏ విలువలు ఇవ్వాలన్న మీ నిర్ణయమే మారిపోతుంది.

మీకు ఏది ఇష్టమో తేలేది సరిగ్గా ఆ దశలోనే. కొందరికి ఆ మోడల్ వెనుక ఉన్న గణితం మీద మోజు పెరుగుతుంది. వారు అటే వెళ్లాలి. కొందరికి రాయి, నీరు, నేల మీద మనసు నిలుస్తుంది. మరికొందరు ఈ అంచనా చేతికొచ్చాక జిల్లా అధికారి ఏం చేయాలన్న ప్రశ్న దగ్గర ఆగిపోతారు. విధాన రూపకల్పన, ప్రజారోగ్యం వైపు వెళ్లేది వారే. ఒకే శాఖలో కూర్చుంటే ఈ మూడు దారులు ఉన్నాయని కూడా మీకు తెలియదు.

చదువుల కలయిక విశ్వవిద్యాలయాల్లోనే పుట్టిందని కూడా అనుకోవద్దు. పాత నల్గొండ జిల్లాలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం బడి చదువు మధ్యలోనే ఆపేసిన చేనేత కుటుంబీకుడు. ఆసు (నేతకు ముందు దారాన్ని మేకుల మధ్య అటూ ఇటూ చుట్టడం) పోసి పోసి తల్లి భుజాలు నొప్పులతో బాధపడటం చూసి, 1999 నాటికి లక్ష్మీ ఆసు యంత్రాన్ని పని చేయించగలిగారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. దారం ఎంత బిగువుగా ఉండాలో, ఏ మలుపులో తెగుతుందో నేతగాడికి తెలుసు. మోటారు, గేర్లు ఎలా తిరగాలో మెకానిక్కుకు తెలుసు. ఆ రెండు తెలివిడులూ ఒకే మనిషిలో కలిశాయి. నేత తెలియని ఇంజినీరుకు ఆ యంత్రం సాధ్యమయ్యేది కాదని నా నమ్మకం.

అమెరికా విశ్వవిద్యాలయాల సంగతికి వస్తే, ఈ తరహా చదువు కొత్తదేమీ కాదు. స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటర్ సైన్స్, భాషాశాస్త్రం, తత్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం కలిపిన సింబాలిక్ సిస్టమ్స్ 1986 నుంచి ఉంది. ఇలినాయ్ విశ్వవిద్యాలయం అర్బానా-షాంపేన్‌లో కంప్యూటర్ సైన్స్‌ను పంటల శాస్త్రంతో, భాషాశాస్త్రంతో, ఖగోళశాస్త్రంతో కలిపి డిగ్రీలు ఇస్తున్నారు. అవి బ్యాచిలర్ స్థాయివి. ఎమ్మెస్ స్థాయిలో బయోఇన్ఫర్మాటిక్స్, హెల్త్ ఇన్ఫర్మాటిక్స్, మనిషి-కంప్యూటర్ సంబంధాల అధ్యయనం, జీఐఎస్ (కంప్యూటర్‌తో పటాల విశ్లేషణ) వంటివి ఎక్కువగా కనిపిస్తాయి. మీకు మాత్రం నా సలహా వేరు. సివిల్ విభాగంలోనే నీటి వనరుల ఎమ్మెస్‌లో చేరి, ఎలెక్టివ్‌లను స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్ విభాగాల్లో తీసుకోండి. చేరే ముందే డిగ్రీకి అవసరమైన క్రెడిట్లలో ఎన్ని బయటి విభాగం నుంచి తీసుకోనిస్తారో గ్రాడ్యుయేట్ కో-ఆర్డినేటర్‌కు ఈమెయిల్ రాసి అడగండి. కంప్యూటర్ సైన్స్ విభాగాలు తమ విద్యార్థులకే ముందు సీట్లిచ్చి, మిగిలితేనే ఇతరులకు ఇవ్వడం మామూలే కాబట్టి, స్టాటిస్టిక్స్ కోర్సును ప్రత్యామ్నాయంగా సిద్ధం చేసుకోండి. విభాగాన్ని బట్టి క్రెడిట్ ఫీజు మారే చోట్లు కూడా ఉన్నాయి.

వీసా విషయంలో చూడవలసింది కోర్సు పేరు కాదు, విద్యార్థి వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రంలో మీ మేజర్ (ప్రధాన శాఖ) పక్కన ఉండే ఆరంకెల సీఐపీ కోడ్ (కోర్సుల వర్గీకరణ సంఖ్య). ఆ కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంటేనే మొదటి 12 నెలల ఓపీటీ (చదివిన రంగంలో పని చేసేందుకు ఇచ్చే అనుమతి) తర్వాత మరో 24 నెలల పొడిగింపుకు అర్హత వస్తుంది. 2022 జనవరిలో ఆ జాబితాకు 22 రంగాలు చేర్చారు. డేటా సైన్స్, డేటా విజువలైజేషన్, క్లైమేట్ సైన్స్, ఎర్త్ సిస్టమ్స్ సైన్స్ వాటిలో ఉన్నాయి. ఒకే తరహా చదువును ఒక విశ్వవిద్యాలయం స్టెమ్ కోడ్ కింద, మరొకటి వేరే కోడ్ కింద నడపడం జరుగుతుంది. రెండు శాఖలు కలిసిన కోర్సుల్లో ఈ తేడా మరీ ఎక్కువ. అడ్మిషన్ రాగానే కోడ్ ఎంతో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఓపీటీలో చేసే పని మీ మేజర్‌కు నేరుగా సంబంధించినదై ఉండాలన్న నిబంధన కూడా మీకు ముఖ్యం. నీటి వనరుల డిగ్రీతో డేటా ఉద్యోగంలో చేరితే ఆ సంబంధం ఏమిటో మీరే వివరించగలగాలి. స్టెమ్ పొడిగింపులో యజమానితో కలిసి నింపే ఐ-983 శిక్షణ ప్రణాళికలో అది వివరంగా రాయవలసిందే, ఆ సంస్థ ఈ-వెరిఫై (ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ)లో నమోదై కూడా ఉండాలి. మొదటి 12 నెలల్లో ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదు. పొడిగింపుతో మొత్తం 150 రోజులు. చదువుతుండగానే పూర్తికాలపు సీపీటీ (కోర్సులో భాగంగా చేసే పని) 12 నెలలు చేస్తే ఆ డిగ్రీ స్థాయిలో ఓపీటీ హక్కు పోతుంది.

ఉద్యోగాల్లో ఒక పరిమితి ముందే చెప్పాలి. నీటికి, భూగర్భానికి సంబంధించిన అమెరికా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలు చాలావరకు పౌరులకే పరిమితం. మీకు అందుబాటులో ఉండేవి ఇంజినీరింగ్ కన్సల్టింగ్ సంస్థలు, నీటి సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థలు, కొన్నిచోట్ల నగరాల నీటి సరఫరా విభాగాలు. సివిల్ వైపు ఉండాలనుకుంటే చదువు అయిపోకముందే ఎఫ్ఈ (ఫండమెంటల్స్ ఆఫ్ ఇంజినీరింగ్) పరీక్ష రాయండి. ప్రొఫెషనల్ ఇంజినీర్ లైసెన్సుకు అది తొలిమెట్టు. ఇంటర్వ్యూల్లో నేను గమనించింది ఒక్కటే: పది టూళ్ల పేర్లు రాసిన రెజ్యూమె కంటే, ఒక్క సమస్యను రెండు వైపుల నుంచీ వివరించగలిగిన విద్యార్థి ఎక్కువగా గుర్తుండిపోతాడు. లేని అనుభవాన్ని రెజ్యూమెలో చేరుస్తామంటూ వచ్చే కన్సల్టెన్సీల జోలికి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పోవద్దు. ఆ అబద్ధం తర్వాత మీరు వేసే ప్రతి వీసా దరఖాస్తుకూ అడ్డుపడుతుంది.

మీకింకా ఒక సెమిస్టర్ మిగిలి ఉంది కాబట్టి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టును దీనికే వాడుకోండి. కేంద్ర భూగర్భజల మండలి ప్రచురించే నీటి నాణ్యత సమాచారంతో మీ మండలం, పక్క మండలాల మీద పని మొదలుపెట్టండి. మీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మేడమ్‌నో, సార్‌నో రెండో గైడుగా ఉండమని అడగండి. ఆ పని రెండు నెలలు చేశాక కోడ్ రాయడం మీద ఇష్టం పెరిగిందో, నీటి మీద పెరిగిందో చూసుకొని అప్పుడు విశ్వవిద్యాలయాల జాబితా తయారు చేసుకోండి. ఎస్‌ఓపీ (దరఖాస్తుతో పంపే ఉద్దేశ వ్యాసం)లో రాయవలసింది కూడా ఆ ప్రాజెక్టు గురించే.